నేను తిన్న గోడ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు తిని చూడమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. నేను తిన్నాను. మొత్తం కాదులెండి. లోపలి గదిలో పడమటి గోడకు, నడుమెత్తున, ఓ జానెడు మేర. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆ జానెడు గోడ మా ముగ్గురి నోళ్లలో నవ్వు లేకుండా చేసింది.

డెబ్బైలు ముగుస్తున్న రోజులు. మాది నర్సంపేట నుంచి బస్సులో గంట దూరం. ఆ బస్సు కూడా వాగు ఒప్పుకుంటేనే ఊళ్లోకి వచ్చేది. నేను కోడలిగా అడుగు పెట్టేసరికి మాకు ఇల్లంటూ లేదు. అన్నదమ్ముల పంపకాల్లో ఊరికి ఆ చివరనున్న పాత ఇల్లు మా బావగారికి పోయింది. ఈ చివరనున్న ఖాళీ జాగా మా ఆయనకు వచ్చింది. ఆ జాగాలో ఓ మూల తాటాకుల గుడిసె వేసుకుని మా అత్తామామలు, మా ఆయన, నేను ఉండేవాళ్లం. ఇల్లు కడదామనుకున్న ఏడాదే మా మామ కన్నుమూశాడు. ఇంటి పెద్ద పోయిన ఏడాది కొత్త ఇంటికి ముగ్గు పోయకూడదు. సరేనని ఏడాది ఆగాం.

ఆ ఏడాది వానాకాలంలోనే నా మొదటి కడుపు పోయింది. అయిదో నెల. గుడిసె నేల ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. మంచం కోళ్ల కింద రాళ్లు పెట్టుకుని పడుకునేవాళ్లం. జ్వరం పట్టుకుంది, పోయేటప్పుడు బిడ్డనూ తీసుకుపోయింది. దవాఖానలో ఏవో కారణాలు చెప్పారు గానీ అవి నా చెవికెక్కలేదు. నా మటుకు నాకు బిడ్డను ఆ గుడిసే మింగింది. ఈసారి కడుపు పండితే పొడి నేల మీద, పెంకుల కింద కంటానని మొండిగా అనుకున్నాను. నాకు తల్లి లేదు. పురిటికి పోదామంటే అన్నావదినల ఇల్లు ఉంది గానీ, ఉన్న ఒక్క గదిలో వాళ్లే ఆరుగురు. కాబట్టి నాకున్న ఆశల్లా ఆ జాగాలో లేవబోయే ఇల్లే.

మాఘమాసంలో ముగ్గుకు ముహూర్తం కుదిరింది. కుదిరిన వారానికి నాకు నెల తప్పిన సంగతి ఖాయమైంది.

మా దిక్కు ఒక పట్టింపు ఉంది. కడుపుతో ఉన్న ఇల్లాలు ముగ్గు మీద కూర్చోకూడదు, కొత్త ఇంట్లో పాలు పొంగించకూడదు. లేచే ఇల్లు ఒక ప్రాణం, కడుపులోది ఒక ప్రాణం, రెండూ ఒకేసారి పోసుకుంటే ఒకటి ఇంకోదాన్ని లాక్కుంటుందని మా అత్తమ్మ నోటే విన్నాను. చెబితే ముగ్గు ఆగిపోతుంది. ఆగితే ఇంకో వానాకాలం, అదే గుడిసె, అదే చెమ్మ. నేను చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన కడుపులో మాట నిలవదు, సాయంత్రానికల్లా తల్లికి చేరుతుంది.

ముగ్గు పోసిన పొద్దు మంచు ఇంకా విడలేదు. పంతులు చెప్పిన కొలతకు తాళ్లు లాగి, తాళ్ల వెంట తెల్లటి ముగ్గు పోశారు. నేల మీద మా ఇల్లు గీతలుగా పడుకుంది. మా ఆయన పక్కన పీట మీద కూర్చుని, ఈశాన్యం గుంతలో నవధాన్యాలు వేసి పాలు పోశాను. పంతులును మోసం చేయొచ్చు, ఊరినీ చేయొచ్చు. ఆ గుంతలోకి చూస్తూ మాత్రం అబద్ధం ఆడలేకపోయాను. నాకు రెండూ కావాలి, రెండింటినీ బతకనియ్యి అని లోపల్లోపలే దండం పెట్టుకున్నాను. మా అత్తమ్మ ఆ తంతు జరిగినంతసేపూ దూరంగా, కంచె అవతల నిలబడింది. మామ పోయిన తర్వాత ఆమె ఏ శుభకార్యానికీ ముందుకు వచ్చేది కాదు.

అందరూ వెళ్లాక నేను ఒక్కదాన్నే ఆ గీతల మధ్య తిరిగాను. గీత దాటితే అవతలి గదిలోకి పోవచ్చు, అడ్డమేముంది? కానీ నేను దర్వాజ రావలసిన చోటుకు చుట్టూ తిరిగి వచ్చి, అక్కడి నుంచే లోపలికి పోయాను. ఇది వంట, ఇది పడక, ఇక్కడ ఉయ్యాల. ఎండ గీతల మీద పడి తెల్లగా మెరుస్తుంటే గోడలు అప్పటికే ఉన్నాయనిపించింది. చాలాసేపు ఆ లేని ఇంట్లో నిలబడ్డాను.

గోడలు పెట్టడానికి తొర్రూరు దిక్కు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఎర్రమట్టిలో వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి, రాత్రంతా నాననిచ్చి, తెల్లారి కాళ్లతో తొక్కి తొక్కి సాగేలా చేసేవాడు. మేము తట్టలతో అందిస్తే చేతులతోనే గోడ పెట్టుకుంటూ పోయేవాడు. మూరెడు ఎత్తు లేచిందంటే ఇక ముట్టుకోనిచ్చేవాడు కాదు. అది ఆరాలి. పొద్దున్నే వచ్చి బొటనవేలి గోరు గుచ్చి చూసేవాడు. గోరు దిగితే ఇంకా పచ్చి. ఆ రోజు పని లేదు. చుట్ట వెలిగించి నీడన కూర్చునేవాడు.

"ఇంకెన్ని రోజులు తాతా?" అని నేను రోజూ సతాయించేదాన్ని.

"గోడకు తొందర తెల్వది బిడ్డా. మనకే ఉంటది," అనేవాడు.

నాకు తొందర ఎందుకో ఆయనకేం తెలుసు. ఇల్లు మూరెడు చొప్పున లేస్తోంది, కడుపు కూడా దాని లెక్కన అది లేస్తోంది. రెండింటిలో ఏది ముందు పైకి తేలుతుందోనని నాకు దిగులు.

ఉగాది దాటి ఎండలు ముదిరాయి. గోడలు నడుము దాటాయి. మధ్యాహ్నాలు ఊరంతా పడుకునేది. నేను గుడిసె ఉడుకు భరించలేక కప్పు లేని గదుల్లోకి పోయి గోడ నీడన చాప వేసుకునేదాన్ని. పైన చూస్తే నాలుగు గోడల మధ్య నలుచదరంగా ఆకాశం. అప్పుడప్పుడూ ఓ గద్ద ఆ చదరంలోకి ఈ మూల నుంచి వచ్చి ఆ మూల నుంచి పోయేది. పొద్దున తడిపిన గోడ నుంచి వాసన వచ్చేది. తొలకరి వాసన అని అందరూ మెచ్చుకునేదే గానీ నాకు అది ముక్కుతో ఆగేది కాదు. నోరూరేది. దవడలు లాగేవి. వేవిళ్లలో ఒకరికి చింతకాయ, ఒకరికి బొగ్గు అంటారు. నాకు మా గోడ.

మొదటిసారి గోటితో చిటికెడు గీరి నాలుక మీద వేసుకున్నాను. చల్లగా, కాస్త ఉప్పగా, గడ్డి వాసనతో కరిగిపోయింది. సిగ్గేసింది. మర్నాడు రెండు చిటికెలు. ఆ తర్వాత సిగ్గు లేదు, లెక్క లేదు. కళ్లు మూసుకుని మట్టి చప్పరిస్తూ పడుకుంటే నిద్రో మెలకువో తెలియని స్థితి ఒకటి వచ్చేది. అందులో ఇల్లు పూర్తయి ఉండేది. పిల్లెవరో ఈ గదిలోంచి ఆ గదిలోకి పాకుతూ పోతుండేది. మొహం కనిపించేది కాదు, మోకాళ్లకు అంటిన ఎర్రమట్టి కనిపించేది. లేచి చూస్తే గోడకు గుంత ఇంకాస్త లోతయి ఉండేది.

ఓ పొద్దున ముసలాయన గోరు గుచ్చి చూడడానికి లోపలికి పోయి, వెంటనే బయటికొచ్చి మా అత్తమ్మను పిలిచాడు. నేను తట్ట పట్టుకుని ఆమె వెనకే ఉన్నాను.

"నీ గోడను ఏదో కొరుకుతాంది చెల్లె. ఎలుకనుకున్న. ఎలుకకు గింత నోరుంటదా? యాభై ఏండ్ల సంది గోడలు పెడుతాన్న, నా గోడను తిన్నదాన్ని సూడలే."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. అత్తమ్మ వంగి ఆ గుంతను చూసింది. వేలితో తడిమింది. గోళ్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి. తర్వాత తల తిప్పి నా మొహం చూసింది. నా పెదవి చివర ఇంకా ఎర్రగానే ఉందని అప్పుడు నాకు తెలియదు.

"మేకపిల్ల జొరబడ్డదన్నా," అంది నిదానంగా. "నిన్న నేనే ఎల్లగొట్టిన."

అని, నా తట్టలోంచి పిడికెడు మట్టి తీసి ఆ గుంతను తనే పూడ్చి, అరచేత్తో నున్నగా రుద్దింది. మా అత్తమ్మ అబద్ధం ఆడటం నేను చూడటం అదే మొదలు. ఆమె నోటి వెంట మేకపిల్ల అంత తేలిగ్గా రావడం చూసి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

గుడిసెలోకి వచ్చాక ఆమె తలుపు తడిక దగ్గరికి లాగింది.

"ఎన్నో నెల?"

"నాలుగు."

"ముగ్గు మీద కూసున్ననాడు నీకెర్కేనా?"

"ఎర్కే."

"మరెందుకు జెప్పలే?"

"జెప్తే ఆపుతవని."

ఆమె నేల మీద చతికిలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఒకటి పోయినంక గూడ బుద్ధి రాకపాయె. నీకు ఇల్లు గావాల్నా, పిల్ల గావాల్నా?"

"ఇంట్లె పిల్ల గావాలె అత్తమ్మా," అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కానీ మర్నాడు నేను మట్టి తట్ట ఎత్తుకోబోతే నా చేతిలోంచి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. కోడలికి నడుము పట్టిందని ముసలాయనతో చెప్పింది. మేకపిల్ల సంగతి ఆయన నమ్మాడో లేదో గానీ, పోతూ పోతూ అప్పుడప్పుడు నా దగ్గర ఓ మట్టిబెడ్డ పడేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేవాడు.

వైశాఖం చివరికి దూలాలు ఎక్కాయి, వాసాలు పడ్డాయి, గూనపెంకులు కప్పారు. గోడలకు తెల్లగా సున్నం వేశారు. దర్వాజకు తలుపులు బిగించిన రోజు నేను మూటలు సర్దడం మొదలుపెట్టాను. అత్తమ్మ వచ్చి మూట ముడి విప్పింది. అప్పటికి మా ఆయనకూ సంగతి తెలిసిపోయింది.

"కట్టుడు మొదలుబెట్టినం గన్క ఆపలే. ఆపితే వానకు గోడలు కరుగుతయ్," అంది మా ఇద్దరినీ కూర్చోబెట్టి. "గని పాలు పొంగిచ్చుడు మాత్రం పిల్ల నేలబడ్డంకనే. అప్పటిదాంక ఎవ్వలు కడప దాటద్దు. నేను గూడ దాట."

"వానలొస్తాన్నయ్ అవ్వా," అన్నాడు మా ఆయన.

"రానియ్."

ఆమె గడపకు పసుపు కూడా రాయకుండా తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. నేను ఏడ్చాను, అలిగాను, రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూటకు కడుపులోది ఊరుకోలేదు. నా పట్టుదల అంతటితో సరి.

మిరుగు కార్తె వెళ్లగానే వానలు దిగాయి. ఊళ్లో మమ్మల్ని చూసి నవ్వనివాళ్లు లేరు. కళ్ల ముందు పెంకుటిల్లు పెట్టుకుని కారే గుడిసెలో కూర్చున్న సంసారం ఎక్కడైనా ఉంటుందా? నా మంచం గుడిసె వాకిలికి ఎదురుగా ఉండేది. అక్కడి నుంచి ఇల్లు మొత్తం కనిపించేది. వాన జోరుగా పడ్డప్పుడు గోడలు మసకబారి, సున్నం తెలుపు ఒక్కటే గాలిలో తేలుతున్నట్టు ఉండేది. వెలిసినప్పుడు పెంకుల అంచున చుక్కలు వరసగా నిలబడి ఒక్కొక్కటే రాలేవి.

ఆ నాలుగు నెలలూ నేను గుడిసెలో పడుకుని ఆ ఇంట్లో కాపురం చేశాను. పొద్దున లేస్తూనే మనసులో తలుపు తీసేదాన్ని. ఊడ్చేదాన్ని. పొయ్యి తూర్పు మూలకు పెట్టి, పొగ వస్తోందని మర్నాడు జరిపేదాన్ని. ఉట్టి కట్టేదాన్ని. కుండలు ఎండకు పెట్టేదాన్ని. సాయంత్రం అరుగు మీద కూర్చుని చేలోంచి వచ్చే మా ఆయన కోసం చూసేదాన్ని. నిజంగా ఆయన చేలోంచి వచ్చి గుడిసెలో తల వంచి దూరితే, ఎవరో చుట్టం వచ్చినట్టు కాసేపు తికమకపడేదాన్ని. ఎవరూ అడుగు పెట్టని ఆ ఇల్లు నాకు ఎంత అలవాటైందంటే, ఇప్పటికీ ఆ గదులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేవి నేను ఊహలో సర్దిన సామాన్లే.

మా అత్తమ్మను మాత్రం ఆ వానాకాలమంతా ద్వేషించాను. ఇంకో మాట వాడి పెద్దరికం నటించను, ద్వేషించాను. అత్తలేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు అనుకునేదాన్ని. కప్పు కారినప్పుడల్లా నా మంచాన్ని పొడిగా ఉన్న చోటికి జరిపేది. తను ఆ కారే చోట గొంగడి కప్పుకుని కూర్చునేది. నాకు అదీ కోపమే. అంత ప్రేమ ఉన్నదానివి తాళం తీయరాదా అనుకునేదాన్ని. అయిదో నెల దాటిన రోజు ఆమె కోడిగుడ్డు ఉడకబెట్టి నా చేతిలో పెట్టి, నేను తినేదాకా అక్కడే నిలబడింది.

భాద్రపదం చివర, పోయిన పెద్దల పేరు మీద బియ్యమిచ్చే రోజుల్లో, ముసురు పట్టింది. ఆ పక్షంలో మా ఊళ్లో కొత్త చీర కూడా కట్టరు. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. వాగు పొంగింది, బస్సు ఆగింది. నర్సంపేట దవాఖానకు పోయే దారి లేదు. నాలుగో రోజు పొద్దున నాకు నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన గొంగడి కప్పుకుని పోయి మంత్రసానిని తీసుకొచ్చేసరికి గుడిసెలో మడమల దాకా నీళ్లు వచ్చాయి. పొయ్యి మునిగింది. వేడినీళ్లకు దిక్కు లేదు. ఊరికి ఆ చివరనున్న బావగారింటికి పోదామంటే వీధిలో మోకాళ్ల లోతు పారుతోంది.

మంత్రసాని నా మంచం పక్కన నీళ్లలో నిలబడి అత్తమ్మను చూసింది.

"ఏందక్కా ఇది? పిల్లను నీళ్లల్ల బట్టుమంటవా? ఎదురుంగ గంత ఇల్లు బెట్టుకొని."

అత్తమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయి అక్కడే ఆగింది. నాకు నొప్పుల మధ్య కూడా ఆ చెయ్యే కనిపిస్తోంది. నేను నోరు తెరిచి అడగలేదు. ముగ్గు నాడు దాచిన తప్పు నాది, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? అయిదో నెల గండం గడిచింది గానీ ఈ పూట గడుస్తుందో లేదో. కడుపులోది బతకాలి, అది తప్ప నాకింకేం గుర్తు లేదు. ఇల్లు కూడా గుర్తు లేదు.

"పెద్దల రోజులు గదనే అవ్వా," అన్నాడు మా ఆయన భయంగా.

"నాకెర్కలేదా? పిల్లను వట్టుకో," అంది.

ఆమె ముడి విప్పి తాళంచెవి పిడికిట్లో పట్టుకుంది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని నన్ను వానలో నడిపించారు. ఇరవై అడుగుల దూరం కూడా ఉండదు. ఆమె తాళం తీసి తలుపు నెట్టింది. లోపల పొడిగా ఉంది. చీకటిగా, సున్నం వాసనతో, ఏ సామానూ లేకుండా. నాలుగు నెలలు నేను సర్దిన ఇంట్లో ఒక్క కుండ కూడా లేదు. దీపం లేదు, పాలు లేవు, మామిడాకు లేదు. నేను గడప మీద కాలు ఎత్తబోతే అత్తమ్మ నా జబ్బ పట్టుకుని ఆపింది.

"ఆగు."

మనసు మార్చుకుందనుకున్నాను.

"దోషమేమన్న ఉంటె ముందుగాల దాటినోళ్ల కాళ్లకు అంటుతది," అంది, నా వైపు చూడకుండా. "నా కాళ్లకు అంటనియ్. నువ్వు నా ఎనుక రా."

ముగ్గు నాడు కంచె అవతల నిలబడ్డ మనిషి, తడిసిన చీరతో, కుడికాలు ముందు పెట్టి ఆ గడప దాటింది. లోపల రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి అందించింది.

పొద్దుగూకక ముందే పాప పుట్టింది. ఖాళీ ఇల్లు కదా, దాని ఏడుపు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. మంత్రసాని నవ్వింది. మా అత్తమ్మ పాపను నా పక్కన పడుకోబెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్లు చాపుకుని నిద్రపోయింది. అంత గాఢంగా ఆమె నిద్రపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

పాలు ఇరవై ఒకటో రోజున పొంగించాం. ఆమె ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఇంట్లోనే బతికింది. నాకు ఇలాంటి పట్టింపుల మీద నమ్మకం లేదని అప్పుడూ అనేదాన్ని, ఇప్పుడూ అంటాను. కానీ ఆమెకు ఒళ్లు వెచ్చబడితే చాలు, ఎడ్లబండి కట్టించి దవాఖానకు తీసుకుపోయేదాన్ని. దగ్గితే రాత్రి లేచి చూసేదాన్ని. ఓసారి ఆమె చేను గట్టున జారి పడింది. పెద్ద దెబ్బేం కాదు, కాలు బెణికింది. నేను ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ వెక్కివెక్కి ఏడ్చాను.

"కాలు బెనికితె గింత ఏడుపేంది పిల్లా, నేనేమన్న సచ్చిపోతాన్ననా?" అని ఆమె నవ్వింది.

అది కుడికాలు, నాకంటే ముందు గడప దాటిన కాలు. ఆమెకు ఆ సంగతి గుర్తు కూడా లేదు.